నాలుగు మూలలకు పసుపు

జూన్ 30, సోమవారం

చిన్నప్ప వచ్చి పోయాడు. సోమందేపల్లె నుంచి పొద్దున బస్సుకు ధర్మవరం వచ్చి, నేసిన చీర అంగట్లో బల్ల మీద పెట్టి, మజ్జిగ తాగి, మబ్బును నాలుగు తిట్లు తిట్టి, లేచేటప్పుడు అన్నాడు.

"అన్నా, ఇదే కడా చీర అనుకో, ఇంక నేయను. బెంగుళూరులో అపార్టుమెంటు కాడ వాచ్‌మన్ పని చూసినారు. ఆగస్టు నాలుగుకు రమ్మన్నారు."

"మగ్గం?"

"మగ్గం ఏం జేసుకోవల్ల? మరమగ్గం చీర సగం ధరకు వస్తాంటే నాది ఎవురు కొంటారు? నీ అంగట్లోనే నావి మడత విప్పకుండా ఉండాయి."

ఉన్నాయి. నాలుగు. ఈరోజు తెచ్చినదానితో కలిపి.

ముప్పై ఒక్క ఏళ్ళు. ఈ బదరీనారాయణ అంగడికి తప్ప వాడు ఇంకొకరికి చీర నేయలేదు. శ్రావణం దాకా ఆగమన్నాను. పాత గిరాకీలందరికీ జాబులు రాస్తాను, ఆర్డర్లు రాకపోతే అప్పుడు పొమ్మన్నాను. వాడు నవ్వాడు. "జాబులా? నువ్వు ఏ కాలంలో ఉండావన్నా" అన్నాడు.

ఏ కాలంలో ఉన్నానో చూపిస్తాను.

జూలై 2, బుధవారం

అంగట్లో గిరాకీల పుస్తకం ఉంది. చీర కొన్నవాళ్ళు పేరు, ఊరు, ఈమధ్య అయితే మెయిలు అడ్రసు వాళ్ళ చేత్తోనే రాసిపోతారు. మెయిలు ఉన్నవాళ్ళు మొత్తం మూడు వందల పన్నెండు మంది తేలారు. ఫోను చేసి చీర కొనండని అడుక్కోవడం నా వల్ల కాదు. జాబు వేరు.

బెంగుళూరులో సాఫ్ట్‌వేరు పని చేసే నా కూతురు ఐశ్వర్య ఒక స్క్రిప్టు పంపింది. పేర్లు ఒక ఫైల్లో, జాబు ఇంకొక ఫైల్లో పెడితే, ఎవరి పేరు వాళ్ళ జాబు మీద పెట్టి అదే పంపుతుందట. అట్లాగే ఉండాలి మరి. పేరు పెట్టి రాస్తేనే జాబు, గుంపుకు రాస్తే దండోరా.

రంగులు, ఫోటో కావాలంటే జాబును హెచ్‌టీఎంఎల్ అనే కంప్యూటరు భాషలో రాయాలంది. నేర్చుకుంటానన్నాను. అరవై ఒకటి నిండితే ఏం, కంచి జరీకి, సూరత్ జరీకి తేడా చీకట్లో తడిమి చెప్పేవాణ్ణి, ఇది రాదా?

జూలై 4, శుక్రవారం

రాలేదు.

రాసినది నాకే పంపి చూసుకున్నాను. జాబు బదులు, నేను జాబు చుట్టూ కట్టిన సరంజామా అంతా వచ్చింది. టేబుల్ అట, టీడీ అట, బీఆర్ అట. ముగ్గు వేయమంటే ముగ్గుపిండి డబ్బా గుమ్మంలో పెట్టినట్టుంది.

ఐశ్వర్యకు ఫోను చేశాను. "నాయనా, స్క్రిప్టులో ప్లెయిన్ అని ఉండాదే, ఆడ హెచ్‌టీఎంఎల్ అని పెట్టినావా?"

"నువ్వు చెప్పినావా పెట్టమని?"

"చెప్పినా."

చెప్పలేదు. చెప్పి ఉంటే నాకు గుర్తుండదా? ఒక్క మాట మార్చాను, సరిపోయింది.

జూలై 6, ఆదివారం

తొలి ఏకాదశి. ఉపవాసం. జాబులో తెలుగు అంతా ప్రశ్నార్థకాలయింది. "శ్రీమతి ??????? గారికి" అని ఉంది. నాకు కళ్ళు తిరుగుతున్నాయేమో అనుకుని కన్యకమ్మను పిలిచి చూపించాను.

"మీరు రాసినది దానికి అర్థం కాలేదేమో, అడుగుతాంది" అంది నా భార్య. దాని ఎగతాళి దానిది.

జూలై 7, సోమవారం

ఏ లిపిలో రాశామో జాబు తలమీదే చెప్పాలట. యూటీఎఫ్ అని రాయగానే తెలుగు తెలుగులా వచ్చింది. చెప్పకపోతే తెలుగని తెలియదా? చూస్తే తెలియదా?

జూలై 10, గురువారం

మా నాయన కాలం నుంచి మా అంగడి జాబు నాలుగు మూలలకు పసుపు పెట్టందే గడప దాటదు. శుభానికి పసుపు, చావు కార్డుకు నల్ల సిరా. పోస్టుమ్యాను చేతిలో ఉండగానే మూలలు చూసి ఇంట్లోవాళ్ళకు సంగతి తెలిసిపోయేది. మెయిలైతే మాత్రం? నాలుగు మూలల్లో నాలుగు గడులు కట్టి ఎల్లో అని రంగు పెట్టాను.

ఎల్లో అంటే దీనికి నిమ్మపండు రంగు. పసుపు కాదు. పసుపులో రవ్వంత ఎరుపు ఉంటుంది. పట్టుకు రంగులేసే కేశవ దగ్గర ఇట్లాంటి గొడవ లేదు. మామిడిపండు అంటే మామిడిపండు, నేరేడు అంటే నేరేడు, వాడు నూలు ముంచి తీస్తాడు.

జూలై 14, సోమవారం

నా కంప్యూటర్లో అందంగా ఉన్న జాబు ఐశ్వర్య ఫోనులో వెలవెలపోతోంది. రంగు లేదు, అంచు లేదు. పంపేటప్పుడు ఉంది, చేరేటప్పటికి లేదు. దారిలో ఎవరు తీశారు?

"కొన్ని మెయిలు పెట్టెలు స్టైలంతా కత్తిరించేస్తాయి నాయనా. పాతకాలం పద్ధతిలో గడిలోనే రంగు పేరు రాయి. దాన్ని ముట్టుకోవు."

పాతకాలం పద్ధతి అనగానే నాకు ధైర్యం వచ్చింది. గడిలోనే రాశాను. నిలబడింది.

చిన్నప్ప ఫోను చేశాడు. బెంగుళూరు వాళ్ళు ఆధార్ కార్డు జిరాక్సు అడుగుతున్నారట, పంపాలా వద్దా అన్నాడు. ఆగమన్నాను.

జూలై 18, శుక్రవారం

ఫోటో. చిన్నప్ప మగ్గం గుంతలో కూర్చుని నేస్తుండగా నేనే తీసినది. నాకు కనిపిస్తోంది. ఐశ్వర్యకు కనిపించదు. నాకు కనిపిస్తోంది అంటాను, నాకు లేదు నాయనా అంటుంది. అరగంట ఇదే.

చివరికి తేలినది ఏమిటంటే, నేను ఫోటో పంపలేదు, నా కంప్యూటర్లో ఫోటో ఉన్న చోటు మాత్రమే రాసి పంపాను. నా మటుకు నా ఇంట్లో ఫోటో నాకు కనిపిస్తుంది కదా. ఫోటోను జాబు లోపలే కుట్టి పంపాలట. కుట్టాను.

జూలై 21, సోమవారం

అంతా సరిగ్గా ఉంది, ఒక్క రంగు తప్ప.

జూలై 25, శుక్రవారం

శ్రావణం మొదటి రోజు, పైగా శుక్రవారం. పదిన్నరకు రాహుకాలం వస్తుంది. తొమ్మిదికే స్నానం చేసి కూర్చున్నాను. జాబు ఇంకోసారి చదువుకున్నాను. పైన పేరు, మధ్యన ఫోటో, కింద మూడు వాక్యాలు.

"ముప్పై ఒక్క ఏళ్ళు మీ ఇళ్ళలో శుభకార్యాలకు చీరలు నేసిన చిన్నప్ప ఇతను. ఈ చేతి పని మీకు తెలుసు. ఒకసారి తలచుకోండి."

కొనండి అని రాయలేదు. మర్యాదగా ఉండాలని.

నిమ్మపండు మూలలు చూస్తే మనసొప్పలేదు. రంగుల పేర్లలో టొమాటో కూడా ఉందని, రాస్తే ఆ రంగే వస్తుందని ఐశ్వర్య ఒకసారి చెప్పింది. టొమాటో తెలిసినదానికి పసుపు తెలియదా? నాలుగు గడుల్లో ఎల్లో తీసేసి, ఇంగ్లీషు అక్షరాల్లో పసుపు అని కొట్టాను. పదీ ఇరవై అయింది. మళ్ళీ పంపి చూసుకునే వ్యవధి లేదు. మీట నొక్కాను. మూడు వందల పన్నెండూ పోయాయి.

సాయంత్రం గుంతకల్లు నుంచి ఒక పాత గిరాకీ ఫోను. "చానా బాధయినాదప్పా. మంచి పనోడు" అన్నాడు. చిన్నప్ప బెంగుళూరు పోతున్న సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. ఇతనికి ఎలా తెలిసిందో. చీర ఊసే ఎత్తలేదు. పెట్టేశాడు.

జూలై 26, శనివారం

తొమ్మిది జవాబులు వచ్చాయి. ఒకరూ ధర అడగరు, రంగు అడగరు. దేవుడు మీకు ధైర్యం ఇవ్వాలి అని ఒకామె. నాకెందుకు ధైర్యం? మీరంతా కుటుంబానికి తోడుండాలి అని ఇంకొకాయన. ఎవరి కుటుంబానికి? పొద్దున నుంచి ఇవే తిరగేసి తిరగేసి చదువుతున్నాను.

కన్యకమ్మ కాఫీ తెచ్చి, నా భుజం మీదుగా చూసి, గ్లాసు బల్ల మీద పెట్టేసింది. "ఎవరు పోయినారు?"

"ఎవరూ పోలేదు. నేను పంపిన జాబు."

"మూలలు చూడండి."

చూశాను. పంపినది తెరవకుండా జవాబులే చదువుతున్నాను నేను. నాలుగు మూలలూ నల్లగా ఉన్నాయి. మధ్యలో చిన్నప్ప ఫోటో. కింద, ఒకసారి తలచుకోండి.

ఐశ్వర్యకు ఫోను చేశాను. తెలియని పేరు ఇస్తే అది ఊరుకోదట, ఆ అక్షరాలతోనే తనకు తోచిన రంగు ఒకటి తయారు చేస్తుందట. పసుపు అనే మాటకు దానికి తోచింది నలుపు.

"ఇప్పుడే ఇంకొకటి పంపు నాయనా, తప్పయిందని."

రేపు పంపుతానన్నాను.

జూలై 27, ఆదివారం

సవరణ జాబు రాయడానికి కూర్చోగానే బళ్ళారి నుంచి చంద్రిక గారని ఫోను. ఇరవై ఏళ్ళుగా మా గిరాకీ.

"ఆయన చేతి చీర ఇంకా ఏమన్నా ఉండాదా అన్నా? నా కూతురికి దాచిపెడతా. ఇంక అట్లాంటివి యాడ దొరుకుతాయి."

"నాలుగుండాయమ్మా" అన్నాను.

అది నిజమే. నాలుగున్నాయి. ఒకటి పక్కన పెట్టమంది. నేను పోయాడని అనలేదు. ఆమె అడగలేదు, నేను అనలేదు.

మధ్యాహ్నానికి మిగతా మూడూ అయిపోయాయి. అందులో మూడు ఆరు నెలలుగా మడత విప్పనివి.

జూలై 28, సోమవారం

ఇంకా ఏడుగురు అడిగారు. లేవు అని నోటి చివరిదాకా వచ్చింది. "కొంచెం టైము పడతాది, తెప్పిస్తా" అన్నాను. మొత్తం పదకొండు.

ఆలోచించాను. ఈ పదకొండూ ఉంటే చిన్నప్ప పోడు. నేను మాట ఇచ్చినదే దానికి. దారి ఏదైతేనేం, వాడు ఊళ్ళో ఉంటాడు. కాదా?

కన్యకమ్మకు చెప్పాను. మెచ్చుకుంటుందనుకున్నానేమో, తెలియదు.

"బతికున్నోని చేత చచ్చినోని చీరలు నేపిస్తారా?" అంది. వంటింట్లోకి పోయింది.

నేను పోయాడని అనలేదు.

జూలై 29, మంగళవారం

సోమందేపల్లె పోయాను. ఏడు చీరలు కావాలని చెప్పాను. చిన్నప్ప పోగు వదిలేసి గుంతలోంచి పైకి ఎక్కాడు.

"ఏడా? నా ఫోటో చూసేనా?"

"నీ ఫోటో చూసే."

"తిప్పమ్మా, ఇన్నావా? నా మొగం చూసి చీరలు అడుగుతాండారంట" అని భార్యను కేకేశాడు. ఆమె నవ్వి, నాకు రాగిసంగటి తినిపించేదాకా వదల్లేదు. వాడు నా ముందరే బెంగుళూరుకు ఫోను చేసి, నేను రాను, వేరేవాణ్ణి చూసుకోండన్నాడు. ఆపుదామనుకున్నాను. నోట్లో సంగటి ఉంది.

జూలై 31, గురువారం

సవరణ పంపావా అని ఐశ్వర్య. స్క్రిప్టు మొరాయిస్తోందన్నాను.

స్క్రిప్టు బాగానే ఉంది.

ఆగస్టు 1, శుక్రవారం

పదకొండు గంటలకు చిన్నప్ప ఫోను.

"సావుకారీ, నేను ఎప్పుడు చచ్చినా?"

ముప్పై ఒక్క ఏళ్ళలో వాడు నన్ను అన్నా అని తప్ప పిలవలేదు.

అనంతపురం నుంచి మా పాత గిరాకీ మల్లీశ్వరి గారు కారేసుకుని సోమందేపల్లె పోయారు. నాలుగు రోజుల కిందట నన్ను చిన్నప్ప ఇల్లెక్కడని అడిగారు, ఎందుకమ్మా మీకు శ్రమ అని తప్పించాను. పరామర్శకు పోవాలనుకున్న మనిషిని ఎవరు ఆపగలరు? ఊళ్ళో అడిగి పోయి, వాకిట్లో తిప్పమ్మను పట్టుకుని ఏడ్చారట. తిప్పమ్మ నొసట బొట్టు చూసి బిత్తరపోయారట. లోపల మగ్గం ఆడుతున్న చప్పుడు.

"ఆయమ్మ ఫోనులో చూపించినాది. నల్ల మూలలతో నా ఫోటో. తిప్పమ్మ పొద్దుననుంచి ఏడుస్తానే ఉండాది. నేను ఎదురుగా ఉన్నా ఏడుస్తాండాది."

"అది కంప్యూటరు తప్పు చిన్నప్పా. నేను పసుపు అని రాస్తే..."

"అది వదిలెయ్. వారం దినాలాయ. ఎవురికన్నా చెప్పినావా, నేను బతికుండానని?"

చెప్పలేదన్నాను. మగ్గం చప్పుడు లేదు. ఫోను పెట్టేశాడు.

నేను పోయాడని అనలేదు అని ఈ పుస్తకంలో ఎన్నిసార్లు రాశానో లెక్కపెట్టి సిగ్గుపడ్డాను. అమ్ముకున్నాను. వాడి చావును నేను అమ్ముకున్నాను.

ఆగస్టు 2, శనివారం

రంగు లేదు, గడులు లేవు, ఫోటో లేదు. ప్లెయిన్ అని పెట్టి పంపాను.

"చిన్నప్ప బతికి ఉన్నాడు, నిక్షేపంగా ఉన్నాడు. మొదటి జాబులో మూలలు నల్లగా రావడం నా అజ్ఞానం. మీరు అపోహపడ్డారని మరునాడే తెలిసి కూడా వారం రోజులు చెప్పకపోవడం నా దురాశ. ఆ చీరలు వద్దనుకుంటే చెప్పండి. నన్ను క్షమించండి."

ఒక్కసారికే సరిగ్గా పోయింది.

సాయంత్రానికి పది మంది వద్దన్నారు. ఒకాయన నా అంగడి గడప తొక్కనన్నాడు. చంద్రిక గారు మాత్రం బతికుంటే ఇంకా మంచిది, కూతురికి కొత్తదే నేయమనండి అన్నారు. మల్లీశ్వరి గారు ఆ మనిషిని కళ్ళారా చూశాను, నాకూ ఒకటి కావాలన్నారు. రెండు. బెంగుళూరు పనిలో వేరేవాణ్ణి పెట్టుకున్నారని తిప్పమ్మ కన్యకమ్మకు ఫోను చేసి చెప్పింది. ఆ పని పోయింది నా వల్లే.

ఆగస్టు 3, ఆదివారం

పొద్దున బస్సుకే పోయాను. తిప్పమ్మ తలుపు తీసి, నా మొహం చూడకుండా లోపలికి పోయింది. చిన్నప్ప గుంత గట్టు మీద కూర్చుని ఉన్నాడు. నేను కింద కూర్చున్నాను.

తప్పయిందన్నాను. రెండే మిగిలాయన్నాను.

"రెండు చీరలకు నెలన్నర పడతాది. నేస్తా. ఆ పైన చూస్తాం" అన్నాడు. తర్వాత, "నేను చచ్చినానని వాళ్ళంతా ఏమేమి రాసినారు?" అని అడిగాడు.

"ఎందుకు చిన్నప్పా అవి?"

"ముప్పై ఏండ్లాయ నేసబట్టి. కట్టుకున్నోళ్ళు ఏమనుకున్నారో నాకేం తెలుసు? చీర నీకిచ్చి బస్సెక్కుతాంటి. సదువు."

ఫోనులోంచి ఒక్కొక్కటే చదివాను. మొత్తం ఇరవై ఆరు. బిడ్డ ఆ చీర ఉయ్యాలలోనే పెరిగిందని ఒకామె. అమ్మ చివరి రోజున అదే కట్టమని అడిగిందని ఇంకొకామె. తిప్పమ్మ వచ్చి గడప మీద కూర్చుంది. చిన్నప్ప ఒక్కొక్కదానికి తల ఊపాడు. కళ్ళు తుడుచుకోలేదు, దాచుకోనూ లేదు.

పంతొమ్మిదో ఇరవయ్యో జాబు. విడపనకల్లు నుంచి ఒక టీచరమ్మ రాసినది. పెళ్లికి కట్టుకున్న వంకాయ రంగు చీర, అంచుకు జంట హంసలు, ఇరవై మూడేళ్ళయినా జరీ నలుపెక్కలేదు, ఆ చేతులకు నా దండాలు అని ఉంది.

"ఆగు" అన్నాడు చిన్నప్ప. "అది నేను నేసింది కాదు. జంట హంసలు నాకు రావు. అది సోమప్పది."

సోమప్ప తిప్పమ్మకు అన్న. ఆ ఇంట్లోనే గోడ పక్కన వాడి మగ్గం ఉండేది. ఆ చీరలూ నా అంగడికే వచ్చేవి.

"ఆయమ్మకు రాయి. సోమప్ప నేసినాడని రాయి. నా పేరు తీసెయ్" అన్నాడు. తిప్పమ్మ అప్పుడు మొదటిసారి నా మొహం చూసింది.

ఇంటికొచ్చి రాశాను. ఆ చీర నేసినది సోమప్ప అని రాశాను. వెంటనే జవాబు వచ్చింది. ఆయన ఎలా ఉన్నారు, ఆయనకు నా దండాలు చెప్పండి అని.

సోమప్ప ఆరేళ్ళ కిందట పోయాడు. నిజంగానే పోయాడు. అప్పుడు నేను ఎవరికీ ఒక్క కార్డు ముక్క కూడా రాయలేదు.